ఒంటి వేడికి బతికే బ్యాటరీలు

"చౌక సరుకు, చౌక మనిషి! అంతే కదా? మా అమ్మ నోట్లోంచి వచ్చిన ఆఖరి మాటలు పోగొట్టావు. నీకు బ్యాటరీ దగ్గర డబ్బులు మిగిల్చుకోవడమే ముఖ్యమైపోయింది."

"అట్లా అనకన్నా. అమ్మ బతికే ఉంది, చల్లగా ఉండాలి."

"బతికుంది. మాటేదీ? నీ కెమెరాలో ఉండాలి ఆ మాట. చూపించు, ఎక్కడుందో చూపించు!"

పక్క కంటైనర్‌లో ఫ్లాస్కు నింపుకొని వచ్చేసరికి ఈ గొడవ నా కొట్టు ముందే జరుగుతోంది. కొండల్లో ఉన్న మా నారిన్ ఊరి బజారులో మధ్యాహ్నం చలికి కుక్కలు కూడా మొరగవు. అలాంటిది ఈ అరుపులు విని బొగ్గులమ్మేవాళ్ళు కూడా తలలు బయటికి పెట్టారు.

అరుస్తున్నది ఒమూర్జక్. అట్‌బాషీలో గుర్రాల బేరగాడు, మంచి ఆస్తిపరుడు, నిలువెత్తు మనిషి. పడుతున్నది బురుల్చా అక్క. మా ఊళ్ళో పెళ్ళయినా, పేరంటమైనా, కూతురి అప్పగింతలైనా వీడియో తీసేది ఆవిడే. ఏభై దాటాయి. పొట్టి మనిషి, ఎర్రగా చలికి పగిలిన బుగ్గలు. నా దగ్గర కొన్నేళ్ళుగా కేబుళ్ళు, కార్డులు, బ్యాటరీలు కొంటుంది. బేరమాడదు. నాకు అది నచ్చదు, బేరమాడని మనిషితో పొద్దు పోదు.

గొడవ కారణం బజారంతటికీ తెలుసు. పోయిన నెలలో ఒమూర్జక్ చిన్నకూతురి అప్పగింతలు. పెళ్ళికూతురు కారెక్కబోతుంటే ఒమూర్జక్ తల్లి బత్మా అవ్వ ముంగిట్లోకి వచ్చి, మనవరాలి తల రెండు చేతుల్లోకి తీసుకొని దీవెన మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే బురుల్చా అక్క కెమెరా ఆరిపోయింది. దీవెన అయిపోయింది, ఆనవాయితీగా అందరూ అరచేతులతో ముఖాలు తుడుచుకున్నారు, కారు వెళ్ళిపోయింది. చుట్టాల ఫోన్లలో ఉన్నదల్లా కార్ల హారన్లే. తర్వాత కొన్నాళ్ళకే అవ్వకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పోయింది, మాట పోయింది. వీడియోలో ఆ చోటుకి వచ్చేసరికి తెర నల్లబడుతుంది. అవ్వ రోజూ అది పెట్టించుకొని చూస్తుందట. నల్లబడ్డప్పుడల్లా ఎడమ చేత్తో మోకాలు కొట్టుకుంటుందట.

"లోపలికి రండి, ఇద్దరూ," అన్నాను. "తలుపు తెరిచి పెట్టుకుని అరిస్తే నా పొయ్యి వేడంతా బొగ్గులవాడికి పోతోంది."

ఒమూర్జక్ లోపలికొచ్చి ఇనప కంటైనర్‌లో ఉన్న నా కొట్టుని సగం నింపేశాడు. "నువ్వేనా ఈవిడకి ఆ చెత్త బ్యాటరీలు అమ్మింది?"

"నేనే. చెత్త కాదు. పేరులేనివి."

"రెండూ ఒకటే."

"మీ గుర్రాలన్నిటికీ పేర్లున్నాయా?"

బురుల్చా అక్క నా కాలు తొక్కింది. ఒమూర్జక్ నన్ను వదిలేసి ఆవిడ వైపు తిరిగాడు.

"చూడు చెల్లెమ్మా. ఆదివారం మనవడి తొలి అడుగుల వేడుక, కాళ్ళ దారం కోస్తున్నాం. నన్నడిగితే బిష్కెక్ కుర్రాళ్ళని పిలిపిద్దును, గాల్లో ఎగిరే కెమెరా తెచ్చుకుంటారు. మా కోడలు ఒప్పుకోలేదు. నువ్వే కావాలంటోంది. సరే. కానీ అసలు కంపెనీ బ్యాటరీ ఉంటేనే నా గడప తొక్కు. ఆదివారం పొద్దున నా కళ్ళకి చూపించాలి."

నేను అడుగు అరలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను. ఆయన బ్యాటరీని అరచేతిలో తూచాడు, వేలి గోటితో గీరాడు, వాసన చూశాడు.

"ఇది నిజంగా అసలుదేనా?"

"ఇది అసలుదే. అరలో దీని పక్కన మూడున్నాయే, అవే అక్షరాలు, అదే డబ్బా. అవి కావు."

"కానివి ఎందుకమ్ముతున్నావురా?"

"కొనేవాళ్ళున్నారు కాబట్టి. అడిగినవాళ్ళకి చెబుతాను. మీరడిగారు, చెప్పాను."

"గుర్రమైతే పళ్ళు చూసి చెప్పేవాణ్ణి," అని గొణిగాడు.

"దీనికీ పళ్ళున్నాయి, ఇత్తడివి. చూసుకోండి."

అక్క నవ్వాపుకోలేకపోయింది. ఆయన నవ్వలేదు. టోపీ చెవుల మీదికి లాక్కొని "ఆదివారం" అని ఒక్క మాటని వెళ్ళిపోయాడు.

అక్క పొయ్యి దగ్గర ముక్కాలి పీట మీద కూర్చుంది. పాలు పోసి టీ ఇచ్చాను. కప్పు రెండు చేతులతో పట్టుకుంది గానీ తాగలేదు. ఆ బ్యాటరీ ధరెంతో ఆవిడకీ తెలుసు, నాకూ తెలుసు. ఆదివారం పొద్దుటినుంచి సాయంత్రం దాకా నిలబడి తీస్తే వచ్చే కూలి మొత్తం దానికే సరిపోతుంది.

"అక్కా, ఒక పని చేద్దాం," అన్నాను. "పేరులేనిది ఒకటి తీసుకో. నా దగ్గర అసలు కంపెనీ స్టిక్కర్ల చుట్ట ఉంది. అంటిస్తా. ఆ గుర్రాలాయనకేం తెలుస్తుంది?"

"నా ఒంటి వేడికి ఊడిపోతుంది ఎర్మెక్."

"అంటే? ఊడకపోతే సరేనా?"

"ఊడకపోయినా వద్దులే," అంది. "ఆయన్ని మోసం చెయ్యడానికి కాదు కదా నేను వెళ్ళేది."

ఒంటి వేడి అంటే ఏమిటో ఇక్కడ చలికాలం కెమెరా పట్టుకున్న ఎవరినడిగినా చెబుతారు. బ్యాటరీకి చలి పడదు. సంచిలో పెడితే నిండుగా ఉన్నది కూడా చచ్చినట్టు పడుకుంటుంది. అందుకే బురుల్చా అక్క ఒంటె ఉన్నితో చిన్న సంచులు అల్లుకుంది. వాటిలో బ్యాటరీలు పెట్టి, జాకెట్ లోపలి జేబులో, చంకకి ఆనించి మోస్తుంది. ఒక బ్యాటరీ అయిపోగానే ఇంకోటి వెచ్చగా తీసి పెడుతుంది. ముసలమ్మ పాలిచ్చే గొర్రెని చూసుకున్నట్టు చూసుకుంటుందని నేను ఏడిపించేవాణ్ణి.

కెమెరా నిజానికి ఆవిడది కాదు, మొగుడిది. ఎసెన్‌బాయ్ అని, చౌరస్తాలో జనానికి ఫోటోలు తీసేవాడు. రష్యాకి కూలికి పోతూ కెమెరా బల్ల మీద పెట్టిపోయాడు, పాడవకుండా తుడుస్తూ ఉండమన్నాడు. రెండేళ్ళు తుడిచింది. తను పనిచేసే పాల ఫ్యాక్టరీ మూతపడ్డాక తుడుస్తూ కూర్చోలేక, పక్కింటి పెళ్ళికి పట్టుకుపోయింది. ఆ మొదటి వీడియోలో అందరి తలలూ సగానికి తెగాయని ఇప్పటికీ జనం చెప్పుకుంటారు. ఎసెన్‌బాయ్ ఇంకా రష్యాలోనే ఉన్నాడు. ఫోన్ చేసినప్పుడల్లా ముందు కెమెరా ఎలా ఉందని అడుగుతాడట.

నారిన్‌లో ఎవరి ఇంట్లో వీడియో పెట్టినా ఆవిడ కనబడదు. గొంతు మాత్రం వినబడుతుంది, "ఇటు చూడు నాన్నా", "అత్తయ్యా, తలగుడ్డ సర్దుకోండి". ఒమూర్జక్ కోడలు సైరగుల్ పెళ్ళికీ ఆవిడే తీసింది. అత్తారింటికి వచ్చిన రోజు ఆ పిల్ల వెక్కి వెక్కి ఏడ్చిందట. చుట్టూ ఆడవాళ్ళు "దగ్గరగా తియ్యి, దగ్గరగా" అంటుంటే అక్క కెమెరాని పొయ్యి మీద మరుగుతున్న కుండ వైపు తిప్పేసింది. ఆ వీడియోలో చాలాసేపు కుండే కనబడుతుంది. సైరగుల్ ఈవిడే కావాలని పట్టుబట్టడానికి కారణం ఆ కుండ.

ఇదంతా మంచిదే. కానీ నాకు కోపంగా ఉంది. ఆవిడ ఎన్ని తిట్లు తిన్నా "అవునన్నా, బ్యాటరీదే తప్పు" అంటోంది. అట్‌బాషీ నుంచి బేరాలు రావడం ఆగిపోయింది. నా పేరులేని బ్యాటరీలకి చెడ్డపేరొకటి వచ్చింది. నేను బిష్కెక్‌లో కాలేజీ మధ్యలో వదిలేసి వచ్చి పెట్టుకున్న కొట్టిది. దీనికి మించి నాకేమీ లేదు.

"అక్కా, ఒకటి చూద్దాం రా," అన్నాను.

అసలుదొకటి, పేరులేనిదొకటి, నిండా ఛార్జయినవి తీసుకున్నాను. తలుపు తెరిచి బయట ఇనప గట్టు మీద రెండూ పక్కపక్కన పెట్టి తలుపు మూశాను. టీ తాగుతూ కూర్చున్నాం. నేనూరికే ఉండలేక అవీ ఇవీ మాట్లాడాను, ఆవిడ ఊ కొట్టింది. ఫ్లాస్కు ఖాళీ అయ్యాక వెళ్ళి తెచ్చాను. ముట్టుకుంటే వేళ్ళు అంటుకుపోతున్నాయి.

పేరులేనిది అక్క కెమెరాలో పెట్టాను. లైటు వెలిగింది, నిండుగా ఉన్నట్టు చూపించింది, మరుక్షణం ఆరిపోయింది. అసలుది పెట్టాను. అది కాస్త మర్యాదగా ఒక్కొక్క గీతా తగ్గుకుంటూ వెళ్ళింది, కాసేపటికి అదీ ఆరిపోయింది.

"చూశావా? ఒకటి చెప్పకుండా పోయింది, ఒకటి చెప్పి పోయింది. పోవడం మాత్రం రెండూ పోయాయి. మరి తప్పు నా బ్యాటరీది ఎలా అయింది? నువ్వు చంకలో పెట్టుకోలేదా ఆ రోజు? ఎన్నేళ్ళ నుంచి తీస్తున్నావు, అదెలా మర్చిపోతావు?"

"మర్చిపోలేదు."

"మరి?"

అక్క కప్పు నేల మీద పెట్టింది. తలుపు వైపు చూసింది, మూసే ఉంది.

"ఆ రోజు ముంగిట్లో నిలబడి తీస్తున్నా. బత్మా అవ్వ కిటికీలోంచి చూసిందట. 'పాపం ఆ పిల్ల చలికి బిగుసుకుపోతోంది, కప్పండర్రా' అందట. కోడళ్ళు మోకాళ్ళు దాటే పొడుగు కోటు, చపాన్, పట్టుకొచ్చారు. కొత్తది, అవ్వ తన చేత్తో కుట్టింది. ఒంటె ఉన్ని కూరి, ఇంత మందంగా. అప్పగింతలకి వచ్చిన పెద్దవాళ్ళకి కప్పాల్సినది, నాకు కప్పారు."

"మంచిదేగా."

"జాకెట్ మీద పట్టలేదు."

నాకు అప్పటికే అర్థమవుతోంది.

"నలుగురు ఆడవాళ్ళు, నవ్వుకుంటూ, ఇద్దరు చేతులు పట్టుకున్నారు, ఇద్దరు జాకెట్ లాగేశారు. చపాన్ తొడిగి నడికట్టు కట్టేశారు. జాకెట్ తీసుకెళ్ళి ఎక్కడ పెట్టారనుకున్నావు? మాంసం వేలాడదీసే కొట్టుగదిలో, మేకుకి. ముంగిలి కన్నా అక్కడే చల్లన."

"లాగేస్తున్నప్పుడు జేబులోంచి బ్యాటరీలు తీసుకోవచ్చుగా!"

"నీకేం, అంటావు. గౌరవంగా చపాన్ కప్పుతుంటే, నేను వాళ్ళింట్లో నిలబడి జాకెట్ జేబులు తడుముకోనా? ఏమనుకుంటారు? మా ఇంట్లో ఏదో పోతుందని భయపడుతోంది అనుకోరూ? సిగ్గేసింది ఎర్మెక్. కెమెరాలో ఉన్నది ఇంకాసేపు వస్తుంది, ఈలోపు వెళ్ళి తెచ్చుకుందాం అనుకున్నా. అవ్వ బయటికొస్తుందని ఎవరికి తెలుసు? ఆవిడ రాదనే చెప్పారు. కెమెరాలోది అయిపోయింది. పరుగెత్తి తెచ్చి పెట్టా. నీ దగ్గర కొన్నదొకటి, మా ఆయన ఇచ్చిపోయిన, పేరు అక్షరాలు చెరిగిపోయిన పాత అసలుదొకటి. రెండూ వెలిగి ఆరిపోయాయి, ఇందాక నువ్వు చూపించినట్టే. సాయంత్రం కారులో వేడి తగిలాక పెడితే రెండూ సగం పైన చూపించాయి."

బజారులో ఎవరో మైకులో చేపలమ్ముతున్నారు. నేను లేచి టోపీ పెట్టుకున్నాను.

"ఆ మాట ఆయనకి చెప్పెయ్," అన్నాను. "ఇప్పుడే చెప్పెయ్. ఇంకా బస్సుల దగ్గరే ఉంటాడు. నేను పిలుచుకొస్తా."

"కూర్చో."

"ఎందుకు కూర్చోవాలి? ఆయన ఇంటివాళ్ళు చేసిన పనికి నువ్వెందుకు తిట్లు తినాలి? నా కొట్టెందుకు తినాలి?"

"ఎర్మెక్, కూర్చో నాన్నా." ఆవిడ గొంతు పెంచలేదు. "ఆయనకి చెబితే ఇంట్లో చెబుతాడు. ఇంట్లో చెబితే అవ్వకి వినబడుతుంది. మాటే పోయింది గానీ చెవులు పోలేదు ఆవిడకి. తను కుట్టిన చపాన్, తను కప్పించిన చపాన్, తన దీవెనని మింగేసిందని తెలిస్తే? కనీసం 'అయ్యో' అనడానికి కూడా నోరు లేదు. లోపలే పెట్టుకొని కుమిలిపోదూ? బ్యాటరీ తప్పే ఉండనీ. బ్యాటరీకి ఏడుపు రాదు."

టోపీ తీసి మళ్ళీ కూర్చున్నాను. 

ఇంతలో ఆవిడ ఫోన్ మోగింది. ఒళ్ళో పెట్టుకొని స్పీకర్ నొక్కింది. సైరగుల్.

"అక్కా! మామయ్య వచ్చాడా నీ దగ్గరికి? తిట్టాడా?"

"లేదమ్మా, టీ తాగి వెళ్ళాడు."

"అబద్ధం. ఆయన తిట్టకుండా టీ తాగడు. పట్టించుకోకక్కా, నువ్వు మాత్రం వచ్చెయ్. ఇంకో మాట. పొద్దున అవ్వ పెట్టె తీయించింది. ఏం కావాలో మాకు అర్థం కాలేదు, తలగుడ్డలు చూపించాం, వద్దంది. అన్నీ బయటపెడితే అడుగున నీలం చపాన్ ఉంది, ఎడం చెయ్యి దాని మీద పెట్టింది. ఎవరికవ్వా అంటే, నీ వీడియో పెట్టిన టీవీ వైపు చూపించింది. నీకేనటక్కా! నీకు కప్పమని. ఆవిడ కుట్టిన వాటిలో అదే ఆఖరిది. తను కూడా ముంగిట్లోకి వస్తుందట, కుర్చీలో తెస్తాం. పిల్లాడి కాళ్ళకి దారం ఆవిడ చేతే ముట్టించాలని మామయ్య అంటున్నాడు."

"చాలా సంతోషం తల్లీ," అంది అక్క. "ఆవిడ దయ."

ఫోన్ ఆగింది. మళ్ళీ చపాన్ అంటే మళ్ళీ జాకెట్ పోయినట్టే.

పిల్లాడి కాళ్ళకి నలుపూ తెలుపూ కలిపి పేనిన దారం కడతారు. దూరం నుంచి పిల్లలు పరుగెత్తుకొస్తారు, ముందొచ్చినవాడు కత్తితో దారం కోస్తాడు, పిల్లాడు అడుగేస్తాడు. మొత్తం కలిపి రెండు గుక్కల టీ తాగేంత సేపు కూడా పట్టదు. ఒకసారి కోసిన దారాన్ని కెమెరా కోసం మళ్ళీ కట్టరు. ఈసారి కూడా నల్లబడితే బత్మా అవ్వ ఎడం చెయ్యి మోకాలి మీద ఎన్నిసార్లు పడుతుందో నేను ఊహించుకోదలచుకోలేదు.

"వద్దని చెప్పెయ్ చపాన్," అన్నాను.

"ఎవరైనా చెబుతారా?"

"సరే, జాకెట్ ముందే తీసేసి, బ్యాటరీలు లోపల రవికలో దాచుకో."

"అట్‌బాషీ ముసలాళ్ళంతా వరసగా కుర్చీలేసుకొని కూర్చుంటే, వాళ్ళ ముందు రవికలో చెయ్యి పెట్టి బ్యాటరీ తియ్యనా? ఆ వీడియో ఇంకెవడో తీస్తాడు."

"నడుముకి సంచి కట్టుకో."

"దాని మీద చపాన్, దాని మీద నడికట్టు. విప్పేలోపు పిల్లాడు నడుచుకుంటూ వెళ్ళి పెళ్ళి చేసుకుంటాడు."

నవ్వాను. ఆవిడా నవ్వింది, కానీ వెంటనే ఆపేసింది. తర్వాత తలగుడ్డ అంచు ముడి విప్పి డబ్బులు తీసింది. బల్ల మీద పెట్టి, అసలు బ్యాటరీ డబ్బా తన వైపు లాక్కుంది.

"ఇదెందుకు?" అన్నాను. "ఇందాకే చూశావుగా, చలికి రెండూ ఒకటే. ఆ డబ్బులకి పేరులేనివి నాలుగు వస్తాయి. నేనే చెబుతున్నా, నా నష్టానికి."

"నాలుగొస్తాయి, తెలుసు. కానీ బ్యాటరీ వల్లే పోయిందని ఆయన నమ్ముతున్నాడు కదా. ఆ నమ్మకం అలాగే ఉండాలంటే నేనిది కొనాలి. కొని చూపించానంటే ఇంకెవరూ ఆ రోజు ఏం జరిగిందని వెతకరు." కాస్త ఆగి అంది, "నీ కొట్టు పేరు పాడైంది. దానికి నేనేం చెయ్యలేను నాన్నా. తెలిసే చేస్తున్నా, నన్ను తిట్టుకో."

తిట్టుకుందామనే అనుకున్నాను. ఆ డబ్బులు తలగుడ్డ ముడిలో నలిగి, సన్నగా మడతలు పడి ఉన్నాయి. నేను అరలోంచి పేరులేనిది ఒకటి తీసి, ఊరికే, డబ్బా పక్కన పడేశాను.

"అసలుది ఆయన కళ్ళకి," అన్నాను. "ఇది పనికి."

"రెండూ పనికే," అంది.

రెండు బ్యాటరీలనీ రెండు ఉన్ని సంచుల్లో దూర్చింది. జాకెట్ గొలుసు కొంచెం దించి, అలవాటుగా చంకలోకి పోనిచ్చింది. లేచి, తలుపు దాకా వెళ్ళింది. గొళ్ళెం మీద చెయ్యి పెట్టి ఆగిపోయింది. వెనక్కి తిరిగి నన్ను కింది నుంచి పైదాకా చూసింది, సరుకు చూసినట్టు.

"ఆదివారం కొట్టు తెరుస్తున్నావా?"

"తెరుస్తా. ఎందుకు?"

"ఎప్పుడైనా, ఎక్కడైనా నీకెవరైనా చపాన్ కప్పారా ఎర్మెక్?"

"నాకా? నన్ను వేడుకలకి పిలవడమే మానేశారు. పోయినసారి మా పెదనాన్న ఇంట్లో ఉన్నమాటంటే వీధిలోకి గెంటారు. నాకు మర్యాద చేసేంత ఖర్మ ఎవడికి పట్టింది?"

"అదే," అంది. ఆవిడ ముఖం ఆ రోజంతటిలో మొదటిసారి వెలిగింది. వెనక్కి వచ్చి, చంకలోంచి రెండు ఉన్ని సంచులూ తీసి నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. కోడి పొదుగుతున్న గుడ్లలా వెచ్చగా ఉన్నాయి.

"ఆదివారం నాతో అట్‌బాషీ రా. ఇవి నీ చంకలో పెట్టుకొని నా పక్కనే నిలబడు. నేను చెయ్యి చాచినప్పుడు ఒకటి ఇవ్వు. ఒమూర్జక్ అన్నతో ఏమీ అనకు, ఆయన నిన్ను ఏమన్నా సరే. ఇంకొక్కటి, తమ్ముడూ. ఆ పూట ఎవ్వరితోనూ మంచిగా ఉండకు. పొరపాటున నువ్వు నచ్చి నీక్కూడా ఒక చపాన్ తెచ్చారంటే, నువ్వు మాత్రం జాకెట్ విప్పకుండా పారిపో."